ఓల్డ్ స్పైస్: పేరుకు చట్ట రక్షణ ఉంది, పరిమళానికి లేదు

గడ్డం గీసుకున్న తరువాత చెంపలకు రాసుకునే ద్రవాలలో భారతీయులకు చిరపరిచితమైన పేరు ఓల్డ్ స్పైస్. 1938లో అమెరికాలో పురుషుల కోసం విడుదలైన ఈ పరిమళం లవంగం, దాల్చినచెక్క, వెనిల్లా, సాంబ్రాణి వంటి ద్రవ్యాల ఛాయలతో రూపొందింది. పరిమళాల వర్గీకరణలో దీనిని ‘స్పైసీ ఓరియంటల్’, అంటే మసాలా దినుసుల ఘాటు గల ప్రాచ్య పరిమళం అనే తరగతిలో చేరుస్తారు. పురుషుల పరిమళాలలో ఆ తరగతికి ఇది తొలి తరం ఉదాహరణలలో ఒకటి.

ఈ పరిమళం చరిత్రలో రెండు విషయాలు ప్రత్యేకంగా గమనించదగినవి. ‘ప్రాచ్యం’ అనే మాట సూచించే తూర్పు దేశాలకూ, ఇందులోని ద్రవ్యాలు నిజంగా పుట్టిన నేలలకూ పొంతన పాక్షికమే. రెండవది, సీసా మీది పేరుకు, నౌక బొమ్మకు చట్టం రక్షణ కల్పిస్తుంది గాని, సీసాలోని వాసనకు కల్పించదు. యాజమాన్యం మారినా, ముడిసరుకుపై ఆంక్షలు వచ్చినా పరిమళాన్ని సవరించి అదే పేరుతో అమ్మవచ్చు. ఒక తరం జ్ఞాపకంలో నిలిచిన వాసన ఆ విధంగా ఎవరికీ తెలియకుండానే కనుమరుగు కావచ్చు.

ఆవిర్భావం

విలియం లైట్‌ఫుట్ షుల్ట్జ్ అనే వ్యాపారి 1934లో న్యూయార్క్‌లో షుల్టన్ కంపెనీని స్థాపించారు. సబ్బులు, అలంకరణ సామగ్రి ఆ సంస్థ వ్యాపారం. ఆయన తల్లి ఇంట్లో ఎండిన గులాబీ రేకులను, సుగంధ ద్రవ్యాలను జాడీలో కలిపి ఉంచేవారని, ఆ వాసనే ఈ పరిమళానికి ప్రేరణ అయిందని సంస్థ చరిత్ర చెబుతుంది. యూరప్, అమెరికా ఇళ్లలో గదులకు సువాసన కోసం ఇటువంటి మిశ్రమాన్ని ఉంచడం పాత అలవాటు. దానిని ‘పాట్‌పూరీ’ అంటారు.

తొలి ఉత్పత్తి పురుషుల కోసం ఉద్దేశించినది కాదు. 1937లో ‘ఎర్లీ అమెరికన్ ఓల్డ్ స్పైస్’ పేరుతో స్త్రీల కోసం దీనిని విడుదల చేశారు. పురుషుల శ్రేణి మరుసటి సంవత్సరం, 1938లో వచ్చింది. గడ్డం సబ్బు, ఆఫ్టర్ షేవ్ లోషన్ అందులో ప్రధానమైనవి. పరిమళ కర్తగా ఆల్బర్ట్ హాక్ పేరును పేర్కొంటారు.

ఆనాటి అమెరికా సమాజంలో పురుషుడు పరిమళం పూసుకోవడాన్ని అంతగా హర్షించేవారు కాదు. గడ్డం గీసుకున్న చర్మాన్ని శుభ్రపరచి, చల్లబరచే ద్రవంగా అమ్మితే ఆ సంకోచం తొలగిపోతుంది. పరిమళం ఆ విధంగా ఔషధం ముసుగులో పురుషుల అద్దం ముందుకు చేరింది. మసాలా దినుసుల ఘాటు కూడా ఇందుకు దోహదపడింది. పూల వాసనను స్త్రీలకు, లవంగం, దాల్చినచెక్కల వాసనను పురుషులకు కేటాయించే అలవాటు బలపడటంలో ఓల్డ్ స్పైస్ విజయం పాత్ర గణనీయమైనది. అదే వాసన ఏడాది ముందు స్త్రీల పేరుతో అమ్ముడైందన్న సంగతి ఆ విభజన ఎంత కృత్రిమమో తెలియజేస్తుంది.

సీసాపై నౌకలు, వాటి వెనుక మిరియాల వ్యాపారం

తెల్లని సీసాపై తెరచాప నౌక బొమ్మ ఓల్డ్ స్పైస్‌కు గుర్తింపు చిహ్నం. అమెరికా వలస కాలపు వాతావరణాన్ని స్ఫురింపజేయాలన్న ఉద్దేశంతో షుల్టన్ సంస్థ పాత వాణిజ్య నౌకల చిత్రాలను ఎంచుకుంది. తొలి సీసాలపై గ్రాండ్ టర్క్, ఫ్రెండ్‌షిప్ అనే నౌకలు కనిపిస్తాయి. ఈ రెండు పేర్లూ మసాచుసెట్స్ రాష్ట్రంలోని సేలం రేవుతో ముడిపడినవి.

స్వాతంత్ర్యం పొందిన తొలి దశాబ్దాలలో అమెరికా తూర్పు దేశాలతో సాగించిన వ్యాపారానికి సేలం ఒక ముఖ్య కేంద్రం. 1780లలో గ్రాండ్ టర్క్ చైనాలోని కాంటన్ వరకు ప్రయాణించింది. 1790ల చివరి నుంచి సేలం నౌకలు సుమత్రా దీవి తీరానికి వెళ్లి మిరియాలను నేరుగా కొనుగోలు చేశాయి. ఆ మిరియాలలో అధిక భాగాన్ని తిరిగి యూరప్‌కు ఎగుమతి చేసి సేలం వర్తకులు సంపన్నులయ్యారు. వారు 1799లో నెలకొల్పిన ఈస్ట్ ఇండియా మెరైన్ సొసైటీ సేకరణలే నేటి పీబడీ ఎసెక్స్ మ్యూజియానికి పునాది.

ఈ వ్యాపారం ఎల్లప్పుడూ శాంతియుతంగా సాగలేదు. ఫ్రెండ్‌షిప్ పేరుగల ఒక సేలం నౌకపై 1831లో సుమత్రాలోని కువాలా బాటు వద్ద దాడి జరిగి కొందరు నావికులు మరణించారు. ప్రతీకారంగా 1832లో అమెరికా యుద్ధనౌక పొటోమాక్ ఆ ఊరిపై దాడి చేయగా అనేకులు ప్రాణాలు కోల్పోయారు. ఆసియా గడ్డపై అమెరికా నౌకాదళం జరిపిన తొలి సైనిక చర్యలలో ఇది ఒకటి. స్నానాల గదిలో అలంకారంగా నిలిచిన నౌక బొమ్మ వెనుక ఇంత చరిత్ర ఉంది.

పరిమళ నిర్మాణం

ఏ పరిమళమైనా చర్మంపై మూడు దశలలో విచ్చుకుంటుంది. తేలికైన అణువులు ముందుగా ఆవిరై కొద్ది నిమిషాలలో మాయమవుతాయి. మధ్యస్థమైనవి గంటల పాటు ఉంటాయి. బరువైనవి చివరి వరకు చర్మాన్ని అంటిపెట్టుకుంటాయి. ఓల్డ్ స్పైస్‌లో తొలి దశలో నారింజ, నిమ్మ, సోంపు ఛాయలు వినిపిస్తాయి. నడిమి దశలో లవంగం, దాల్చినచెక్క, కార్నేషన్ పువ్వు, జెరేనియం, మల్లె జాతి పూల వాసనలు ముందుకు వస్తాయి. చివరి దశలో వెనిల్లా, టోంకా గింజ, సాంబ్రాణి, దేవదారు, కస్తూరి ఛాయలు మిగులుతాయి. ఇవన్నీ వాసన చూసి నిపుణులు ఇచ్చే వర్ణనలు. అసలు సూత్రం వ్యాపార రహస్యం.

లవంగ నూనెలో ప్రధాన రసాయనం యూజెనాల్. పంటి నొప్పికి లవంగ నూనె పూసినప్పుడు తిమ్మిరి కలిగించేది ఇదే. తులసి ఆకుల ఘాటులోనూ దీని వంతు ఉంది. కార్నేషన్ పువ్వు నుంచి నూనె తీయడం ఖరీదైన పని కనుక యూజెనాల్, దానికి దగ్గరి బంధువైన ఐసోయూజెనాల్‌ల సాయంతో ఆ పువ్వు వాసనను అనుకరిస్తారు. మసాలా పరిమళాలలో పువ్వు, దినుసు వేరు చేయలేనంతగా కలిసిపోవడానికి కారణం ఇదే. దాల్చినచెక్క వాసనకు సిన్నమాల్డిహైడ్ మూలం.

తీపి వైపు వెనిలిన్, కౌమరిన్ అనే రెండు పదార్థాలు కీలకం. ఎండుగడ్డి, బాదం కలిసినట్లుండే కౌమరిన్‌ను 1868లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త విలియం హెన్రీ పెర్కిన్ ప్రయోగశాలలో తయారు చేశారు. 1874లో జర్మనీలో ఫెర్డినాండ్ టీమాన్, విల్హెల్మ్ హార్మాన్ వెనిలిన్‌ను సంశ్లేషించారు. ఆ తరువాత కొంతకాలం లవంగ నూనెలోని యూజెనాల్ నుంచే వెనిలిన్‌ను తయారు చేసేవారు. లవంగం తోటల్లో మొదలైన వాసన ఆ విధంగా కర్మాగారంలో వెనిల్లాగా మారింది. చవకైన ఈ కృత్రిమ పదార్థాలే లేకపోతే ఓల్డ్ స్పైస్ వంటి పరిమళం సామాన్యుడికి అందే ధరలో దొరికేది కాదు.

‘ఓరియంటల్’ అనే ముద్ర

ఈ వర్గానికి పునాది ఫ్రాన్స్‌లో పడింది. గెర్లెయిన్ సంస్థ 1889లో విడుదల చేసిన ‘జికీ’లో కౌమరిన్, వెనిలిన్ రెండూ ఉన్నాయి. అదే సంస్థ 1925లో ప్రవేశపెట్టిన ‘షాలిమార్’ ఓరియంటల్ వర్గానికి నమూనాగా నిలిచింది. మొగల్ చక్రవర్తి షాజహాన్, ముంతాజ్ మహల్ కథనూ, షాలిమార్ ఉద్యానాలనూ ఆ పేరు స్ఫురింపజేస్తుంది. పురుషుల కోసం 1934లో కారోన్ సంస్థ లావెండర్, వెనిల్లాలను కలిపి ‘పూర్ అన్ హోమ్’ను విడుదల చేసింది. ఓల్డ్ స్పైస్ దీనికి మసాలా ఘాటును చేర్చి, ధరను తగ్గించి, మందుల దుకాణాలలోనూ దొరికేలా చేసింది.

‘ప్రాచ్యం’ అనే మాటతో పాశ్చాత్య వ్యాపారం అమ్మినది ఒక ఊహాలోకాన్ని. అంతఃపురాలు, ఎడారి గుడారాలు, ధూపం పొగలు ఆ ఊహాలోకపు సామగ్రి. 1977లో ఈవ్ సాఁ లోరాఁ సంస్థ ‘ఓపియం’ అనే మసాలా పరిమళాన్ని విడుదల చేసినప్పుడు ఈ ధోరణికి తీవ్ర ప్రతిఘటన ఎదురైంది. నల్లమందు వ్యాపారం చైనాకు కలిగించిన వినాశనాన్ని విలాస వస్తువుగా మార్చారంటూ అమెరికాలోని చైనా సంతతి ప్రజలు నిరసన తెలిపారు. పేరు మాత్రం మారలేదు.

మార్పు నాలుగు దశాబ్దాల తరువాత వర్గీకరణలో వచ్చింది. పరిమళాల వర్గీకరణకు ప్రపంచవ్యాప్తంగా ఆధారంగా వాడే చక్రాన్ని రూపొందించిన మైఖేల్ ఎడ్వర్డ్స్ 2021లో ‘ఓరియంటల్’ అనే పదాన్ని తొలగించి దాని స్థానంలో ‘ఆంబర్’ను స్వీకరించారు. వెనిల్లా, సాంబ్రాణి, ల్యాబ్డనం జిగురు కలిసిన వెచ్చని, తీయని వాసనకు పరిమళ రంగంలో వాడే పేరు ఆంబర్. తిమింగలం నుంచి లభించే అంబరు దీనికి భిన్నమైనది. కొత్త వర్గీకరణ ప్రకారం ఓల్డ్ స్పైస్ వంటివి ‘స్పైసీ ఆంబర్’ అవుతాయి. పాత పదం మాత్రం దుకాణాలలో, పుస్తకాలలో ఇంకా కొనసాగుతోంది.

ద్రవ్యాల అసలు చిరునామా

లవంగం ఇండోనేషియాలోని మలుకు దీవులది. మేలురకం దాల్చినచెక్క శ్రీలంకది. సాంబ్రాణి లావోస్, సుమత్రా ప్రాంతాల చెట్ల నుంచి కారే జిగురు. ఇంతవరకు తూర్పు అనే మాట సరిపోతుంది. కాని పరిమళానికి తీపిని ఇచ్చే వెనిల్లా మెక్సికో తీగ. టోంకా గింజ దక్షిణ అమెరికా అడవులది. లవంగం, మిరియం, జాజికాయ కలిసినట్లుండే ఆల్‌స్పైస్ కరీబియన్ దీవులది. ‘ప్రాచ్య’ పరిమళంలో సగం పశ్చిమార్ధగోళానిదే.

వెనిల్లా మెక్సికో దాటి హిందూ మహాసముద్ర దీవులకు చేరిన తీరు గుర్తుంచుకోదగినది. తీగను ఇతర ప్రాంతాలలో నాటినా పరాగసంపర్కం జరగక కాయలు కాసేవి కావు. 1841లో రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ ఆల్బియస్ అనే 12 ఏళ్ల బానిస బాలుడు సన్నని పుల్లతో, బొటనవేలితో పువ్వులో పరాగసంపర్కం జరిపే సులువైన పద్ధతిని కనుగొన్నాడు. మడగాస్కర్ సహా వెనిల్లా పండించే దేశాలలో నేటికీ అనుసరిస్తున్నది ఆ పద్ధతినే. కోట్ల విలువైన వ్యాపారానికి మార్గం వేసిన ఆల్బియస్ 1880లో పేదరికంలో మరణించాడు.

సుగంధ ద్రవ్యాల సముద్ర వ్యాపారంలో తెలుగు తీరానికీ స్థానం ఉంది. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం ఇందుకు ప్రత్యక్ష సాక్ష్యం. నేటి బాపట్ల జిల్లాలోని ఆ రేవుకు వచ్చే విదేశీ వర్తకుల సరకుకు రక్షణ కల్పిస్తూ వసూలు చేయవలసిన సుంకాలను ఆ శాసనం నిర్ణయించింది. గంధపు చెక్క, దేశీ కర్పూరం, చైనా కర్పూరం, పన్నీరు, జవ్వాది, మిరియాలు ఆ జాబితాలో ఉన్నాయి. తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన నౌకల సరకును రాజులు స్వాధీనం చేసుకునే పూర్వాచారాన్ని గణపతిదేవుడు ఆ శాసనంతో రద్దు చేశాడు. మలయా, చైనా తీరాల సుగంధాలకు ఇక్కడి వర్తకం ఎంత ప్రాధాన్యమిచ్చిందో దీనినిబట్టి తెలుస్తుంది.

భారతీయ మసాలా అత్తరు

మసాలా దినుసులతో పురుషుల పరిమళం తయారు చేయడం పాశ్చాత్యుల ఆవిష్కరణ కాదు. ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో ‘గంధయుక్తి’ అనే అధ్యాయాన్ని పరిమళాల తయారీకే కేటాయించాడు. 16 ద్రవ్యాల నుంచి ఏవైనా నాలుగింటిని ఎంచుకుంటే 1,820 విధాల మిశ్రమాలు సాధ్యమని అందులో లెక్కగట్టాడు. గణితంలో సంయోగాల లెక్కకు ఇది ప్రాచీన ఉదాహరణలలో ఒకటి. సుగంధాల కలయిక ఆనాడు రాజుల విలాసమే కాక శాస్త్ర విషయంగానూ పరిగణన పొందిందని దీనివల్ల అర్థమవుతుంది.

ఈ సంప్రదాయానికి నేటి రూపం ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో తయారయ్యే ‘షమామా’. లవంగం, ఏలకులు, జాజికాయ, జటామాంసి, రాతిపువ్వు వంటి అనేక ద్రవ్యాలను ‘దేగ్’ అనే రాగి బానలో నీటితో కలిపి కట్టెల మంటపై మరిగిస్తారు. వెదురు గొట్టం గుండా వచ్చే ఆవిరి ‘భప్కా’ అనే పాత్రలోని గంధపు నూనెలోకి చేరి అందులో ఇంకుతుంది. ద్రవ్యాలను మారుస్తూ రోజుల తరబడి ఈ ప్రక్రియను పునరావృతం చేస్తారు. ఏ ద్రవ్యం ఎంత వేయాలన్నది ఆయా కుటుంబాల రహస్యం. చలికాలంలో వాడదగిన వెచ్చని అత్తరుగా షమామాకు పేరు. హైదరాబాద్‌లో చార్మినార్ పరిసరాల అత్తరు దుకాణాలలోనూ ఇది లభిస్తుంది.

ఓల్డ్ స్పైస్‌కూ షమామాకూ ద్రవ్యాలలో పోలిక ఉన్నా స్వభావంలో తేడా ఉంది. మొదటిది ఆల్కహాల్‌లో కరిగిన పరిమళం కావడంతో పూసిన వెంటనే ఒక్కసారిగా గుప్పుమంటుంది. రెండవది నూనె ఆధారం కావడంతో నెమ్మదిగా విచ్చుకొని చర్మానికి దగ్గరగా నిలుస్తుంది. గంధపు నూనె ధర విపరీతంగా పెరగడంతో అత్తరు తయారీలోనూ లిక్విడ్ పారఫిన్ వంటి చవక ఆధారాల వాడకం పెరిగింది. పేరు నిలిచి పదార్థం మారే సమస్య ఇక్కడా తప్పలేదు.

భారతదేశంలో ఓల్డ్ స్పైస్

ఓల్డ్ స్పైస్ ఆఫ్టర్ షేవ్ దశాబ్దాల పాటు గోవాలో తయారై దేశమంతటా అమ్ముడైంది. టెలివిజన్ ఇళ్లలోకి విస్తరిస్తున్న కాలంలో వచ్చిన దీని ప్రకటన ఒక తరానికి గుర్తుండిపోయింది. ఎగసిపడే అలపై సాగే సర్ఫింగ్ వీరుడు, వెనుక జర్మన్ స్వరకర్త కార్ల్ ఆర్ఫ్ ‘కార్మినా బురానా’లోని బృందగానం ఆ ప్రకటన ప్రత్యేకతలు. విదేశీ వస్తువులు అరుదుగా లభించిన ఆ రోజులలో తెల్లని సీసా మధ్యతరగతి ఇళ్లలో హోదాకు గుర్తు అయింది. ఉద్యోగంలో చేరిన కుమారుడు తండ్రికి ఇచ్చే కానుకగా, పెళ్లికుమారుడి సామగ్రిలో ఒక వస్తువుగా అది చోటు సంపాదించుకుంది.

మంగలి దుకాణాలలో గడ్డం గీసిన తరువాత పటిక రుద్దడం అంతకుముందు నుంచే ఉన్న అలవాటు. పటిక చర్మాన్ని బిగించి, చిన్న గాట్ల నుంచి కారే రక్తాన్ని ఆపుతుంది. ఆఫ్టర్ షేవ్ ఆ పనికి పరిమళాన్ని జోడించింది.

యాజమాన్యం, సీసా, సూత్రం

షుల్టన్ సంస్థ 1970ల ఆరంభంలో అమెరికన్ సయనమిడ్ చేతికి వెళ్లింది. 1990లో ఓల్డ్ స్పైస్‌ను ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కొనుగోలు చేసింది. కొత్త యాజమాన్యం డియోడరెంట్లు, స్నానపు ద్రవాల వైపు దృష్టి మళ్లించింది. 2008లో అమెరికాలో అసలు పరిమళాన్ని ‘క్లాసిక్ సెంట్’ పేరుతో అమ్మడం ప్రారంభించారు. తెల్లని గాజు సీసా స్థానంలో ప్లాస్టిక్ సీసా, బూడిద రంగు మూతకు బదులు ఎర్ర మూత వచ్చాయి. 2010లో నటుడు ఇసాయా ముస్తఫాతో తీసిన హాస్య ప్రకటన కాన్ అంతర్జాతీయ ప్రకటనల ఉత్సవంలో చిత్ర విభాగపు అత్యున్నత పురస్కారం గెలుచుకొని ఈ పేరును యువతరానికి చేర్చింది.

అయితే పాత గాజు సీసాలలోని వాసన మరింత లోతుగా, మసాలా ఘాటుతో ఉండేదని దీర్ఘకాలంగా వాడుతున్నవారు చెబుతుంటారు. ఇటువంటి అభిప్రాయం ఓల్డ్ స్పైస్‌కే పరిమితం కాదు. పేరున్న పాత పరిమళాలలో అనేకం కాలక్రమంలో సవరణకు లోనయ్యాయి. ఇందుకు ముఖ్యమైన కారణాలు మూడు.

మొదటిది భద్రత. పరిమళ ద్రవ్యాలపై పరిశోధనకు 1966లో ఒక సంస్థ, పరిశ్రమకు ప్రమాణాలు నిర్ణయించేందుకు 1973లో అంతర్జాతీయ పరిమళ సంఘం ఏర్పడ్డాయి. ఒకప్పుడు పురుషుల పరిమళాలలో విరివిగా వాడిన మస్క్ ఆంబ్రెట్ అనే కృత్రిమ కస్తూరి ఎండ తగిలినప్పుడు చర్మంపై దద్దుర్లకు కారణమవుతుందని, నాడీ వ్యవస్థకు హాని చేస్తుందని తేలడంతో వాడకం నుంచి తొలగింది. యూజెనాల్, ఐసోయూజెనాల్, సిన్నమాల్డిహైడ్, కౌమరిన్ అలెర్జీ కలిగించగలవు కనుక యూరోపియన్ యూనియన్ 2003లో ఆమోదించిన నిబంధనల ప్రకారం నిర్ణీత మోతాదు దాటితే వాటిని లేబుల్‌పై ప్రకటించాలి. నాడు 26గా ఉన్న ఆ పదార్థాల జాబితాను 2023లో 80కి పైగా పెంచారు. మసాలా పరిమళానికి ప్రాణమైన పదార్థాలే ఈ జాబితాలో ఉండటం గమనార్హం.

రెండవ కారణం ముడిసరుకు. పంట దెబ్బతిన్నా, అడవి తరిగినా, ధర పెరిగినా తయారీదారు ప్రత్యామ్నాయం వెతుకుతాడు. మైసూరు గంధపు నూనె ఇందుకు తెలిసిన ఉదాహరణ. మూడవది వ్యయం. చవక ధరలో అమ్మవలసిన వస్తువులో ఖరీదైన ద్రవ్యం పాలు తగ్గించాలన్న ఒత్తిడి నిరంతరం ఉంటుంది. మార్పు జరిగిందని గాని, ఎందుకు జరిగిందని గాని కొనుగోలుదారుకు చెప్పే బాధ్యత ఏ చట్టమూ తయారీదారుపై ఉంచలేదు. లేబుల్‌పై చాలా పదార్థాలు ‘పర్ఫ్యూమ్’ అనే ఒక్క మాట వెనుక ఒదిగిపోతాయి.

న్యాయస్థానాల భిన్నాభిప్రాయం

పుస్తకానికి, పాటకు, చిత్రానికి ఉన్న కాపీరైట్ పరిమళానికి వర్తిస్తుందా అన్న ప్రశ్న 2006 జూన్‌లో రెండు దేశాల అత్యున్నత న్యాయస్థానాల ముందుకు వచ్చింది. పరిమళం కేవలం నైపుణ్యాన్ని అమలు చేయడమేనని, కళాసృష్టిగా రక్షణకు అర్హం కాదని ఫ్రాన్స్ న్యాయస్థానం తీర్పు చెప్పింది. అదే నెలలో నెదర్లాండ్స్ సుప్రీంకోర్టు ఒక పరిమళం కాపీరైట్ పొందే అవకాశం ఉందని భిన్నమైన తీర్పు ఇచ్చింది. పరిమళాలకు పుట్టినిల్లుగా భావించే ఫ్రాన్స్ నిరాకరించిన రక్షణను మరో దేశం అంగీకరించడం చర్చకు దారితీసింది.

సూత్రాన్ని పేటెంట్ చేయాలంటే దానిని బహిరంగపరచవలసి ఉంటుంది కనుక తయారీదారులు రహస్యాన్నే ఆశ్రయిస్తారు. రహస్యం వల్ల అనుకరణలు ఆగవు. సీసాలోని ద్రవాన్ని గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రంతో విశ్లేషిస్తే అందులోని పదార్థాలలో చాలావాటిని గుర్తించవచ్చు. రహస్యం వల్ల మరో నష్టం కూడా ఉంది. సంస్థ మూతపడితే లేదా సూత్రం మారితే పాత సృష్టి ఆనవాలు లేకుండా పోతుంది.

ఈ లోటును పూరించే ప్రయత్నంగా 1990లో ఫ్రాన్స్‌లోని వెర్సాయ్‌లో ‘ఒస్మోతెక్’ అనే పరిమళ భాండాగారం ప్రారంభమైంది. పరిమళ కర్త జీన్ కెర్లియో దీని వ్యవస్థాపకులలో ప్రముఖుడు. తయారీ నిలిచిపోయిన వాటితో సహా వేలాది పరిమళాలను అక్కడ చీకటిలో, 12 డిగ్రీల సెల్సియస్ వద్ద, గాలి సోకకుండా ఆర్గాన్ వాయువు నింపి భద్రపరుస్తారు. పాత సూత్రాలు లభించినప్పుడు వాటి ప్రకారం పరిమళాలను తిరిగి తయారు చేస్తారు. పరిశోధకులు, విద్యార్థులు వాటిని వాసన చూసి అధ్యయనం చేస్తారు. కుటుంబ రహస్యాలపై ఆధారపడిన కన్నౌజ్ అత్తర్లకు ఇటువంటి భద్రత మరింత అవసరం. ఒక కుటుంబం ఆ వృత్తిని వదులుకుంటే ఆ ఇంటి షమామా కూడా దానితోనే అంతరిస్తుంది.

వాడేవారు తెలుసుకోవలసినవి

ఆఫ్టర్ షేవ్‌లో పరిమళ ద్రవ్యం పాలు తక్కువగా ఉంటుంది. కొలోన్‌లో అంతకంటే కొంత ఎక్కువ, ఓ డి టాయ్‌లెట్, ఓ డి పర్ఫ్యూమ్‌లలో ఇంకా ఎక్కువ. అందువల్ల ఆఫ్టర్ షేవ్ వాసన త్వరగా తగ్గిపోవడం సహజం, అది నాణ్యత లోపం కాదు. గీసిన చర్మంపై కలిగే మంటకు ప్రధాన కారణం ఆల్కహాల్. పొడిబారే చర్మం గలవారు ఆల్కహాల్ లేని బామ్‌ను ఎంచుకోవచ్చు.

లవంగం, దాల్చినచెక్క వాసనలు ప్రధానంగా గల పరిమళాన్ని మొదటిసారి వాడేవారు మోచేతి లోపలి వైపు కొద్దిగా రాసి ఒకటి రెండు రోజులు గమనించడం మంచిది. దురద, ఎరుపుదనం కనిపిస్తే ముఖానికి పూయరాదు. లక్షణాలు కొనసాగితే చర్మ వైద్యుని సంప్రదించాలి. ఏ పదార్థం వల్ల అలెర్జీ కలిగిందో ప్యాచ్ పరీక్ష ద్వారా వారు గుర్తించగలరు.

పరిమళానికి వెలుతురు, వేడి, గాలి శత్రువులు. కిటికీ పక్కన, వేడి నీటి ఆవిరి తగిలే స్నానాల గదిలో ఉంచిన సీసాలో ముందుగా దెబ్బతినేది నిమ్మ, నారింజల తొలి వాసన. బీరువాలో, అట్టపెట్టెలోనే ఉంచితే ఏళ్ల తరబడి నిలుస్తుంది. వెనిలిన్ అధికంగా గల ద్రవం కాలక్రమంలో ముదురు గోధుమ రంగుకు మారడం మామూలే, రంగు మారినంత మాత్రాన పాడైనట్లు కాదు. పాత సీసాను, కొత్త సీసాను పోల్చి సూత్రం మారిందని నిర్ధారించే ముందు పాతదానిలో వయసు తెచ్చిన మార్పును కూడా లెక్కలోకి తీసుకోవాలి. పోల్చేటప్పుడు రెండింటినీ వేర్వేరు కాగితపు పట్టీలపై వేసి, తొలి క్షణాల ఘాటును వదిలి, అరగంట తరువాత వాసన చూడటం నిపుణులు అనుసరించే పద్ధతి.